నాలుగో నంబరు బీరువాకు వనభోజనం

హద్దురాళ్ల శాఖలో పోయిన ఫైలు అంటూ ఏదీ లేదు. ఉన్న చోటు ఇంకా తెలియని ఫైళ్లు మాత్రమే ఉన్నాయి. వైకుంఠరావుకి ఈ తేడా మొదటి ఏడాదిలో బోధపడలేదు. రెండో ఏడాదిలో పడింది. మూడో ఏడాది నుంచి, జిల్లా కార్యాలయం వరండాలో కొత్త అర్జీదారు ఎవరైనా కళ్లనీళ్లు పెట్టుకుని కనబడితే, పక్కన కూర్చోబెట్టుకుని అతనే నచ్చజెప్పేవాడు.

అతను ఏజెన్సీలో చిట్టచివరి మండలంలో హద్దుల ఇన్‌స్పెక్టరు. కొండవాలు మీద రాయి పాతించడం, పాతిన రాయి ఉన్నదో లేదో చూసి రావడం, లేకపోతే లేదని రాయడం అతని ఉద్యోగం. భార్య దమయంతి జిల్లా కేంద్రంలో బస్సు కండక్టరు. కొండ మీద డిపో లేదు కాబట్టి ఆమె పైకి రావడానికి వీల్లేదు. మధ్యలో ఆరు గంటల ఘాట్ రోడ్డు. పెళ్లయిన నెలకే, భార్యాభర్తలు ఒకచోట ఉండవచ్చుననే నిబంధన కింద, జిల్లా కేంద్రానికి బదిలీ కోరుతూ అతను అర్జీ పెట్టుకున్నాడు. అర్జీ ఫైలయింది. ఫైలుకి నంబరు వచ్చింది. ఆ తరవాత పదకొండేళ్లు వచ్చాయి.

ప్రతి ఆదివారం అతను కొండ దిగేవాడు. నెలకొక సోమవారం సెలవు పెట్టి కార్యాలయానికి వెళ్లేవాడు. పదకొండేళ్ల కాపురాన్ని ఆదివారాల్లో పోగుచేస్తే ఏడాదిన్నర. అందులోనూ వానాకాలం కొండచరియలు తినేసినవి తీసెయ్యాలి.

"ఫైలెక్కడికి పోద్దయ్యా వైకుంటం? నాలుగో నంబరు బీరువాలోనే ఉండాల," అనేవాడు హెడ్ గుమాస్తా కూర్మారావు, అతను వెళ్లిన ప్రతి సోమవారం.

"ఓసారి తెరిచి చూద్దామా సార్?"

"తెరుద్దుము. ఎవులు తెరుస్తారు?"

అక్కడితో ఆ సంభాషణ ముగిసేది. నాలుగో నంబరు బీరువాని చూసుకునే గుమాస్తా పదేళ్ల కిందట చార్జి అప్పగించకుండానే బదిలీ మీద వెళ్లిపోయాడు. లోపల ఏమున్నాయో జాబితా లేదు. జాబితా లేని బీరువాని ఎవరు మొదట తెరుస్తారో, అందులో లేనివాటన్నిటికీ వాళ్లే జవాబు చెప్పుకోవాలి. ఇది ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు కాబట్టి దీన్ని ఎవరూ సవరించలేకపోయారు. తాళంచెవి మాత్రం బీరువాకే వేలాడుతూ ఉండేది. అటెండరు దసరాకి దానికి కూడా పసుపు రాసేవాడు.

వచ్చే నెల రమ్మని కూర్మారావు చెప్పిన ప్రతిసారీ వైకుంఠరావు ఛాతీలో ఏదో కాస్త సడలేది. మొదట్లో దాన్ని నిరాశ అనుకున్నాడు. నిరాశ అంత తేలిగ్గా ఉండదని తరవాత తెలిసింది. తెలిశాక ఇక దాని వైపు చూడడం మానేశాడు.

అలాంటి ఒక సోమవారం, ఏప్రిల్ నెలలో, రాజధాని నుంచి సర్క్యులరు వచ్చింది.

"జియోక్యాషింగ్ అనబడు విశ్వక్రీడ ఆవిర్భవించి పాతికేళ్లు పూర్తియైన శుభసందర్భమును పురస్కరించుకొని, అన్ని జిల్లాల యందును మే నెల మొదటి ఆదివారమున సామూహిక వనభోజనము నిర్వహించి, సదరు క్రీడ యొక్క మూలములను ప్రజలకు తెలియజేయవలెను. స్థానిక మూలములు ఉన్నచో ప్రత్యేక నివేదిక పంపవలెను. లేనిచో ఎందుకు లేవో సంజాయిషీ పంపవలెను."

ఆట చాలా చిన్నది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు భూమ్మీద ఏ చోటునైనా అంకెల్లో చెప్పగలవు. ఆ అంకెలు మామూలు జనానికి కూడా కచ్చితంగా అందడం మొదలైన మర్నాడే, అమెరికాలో ఒక మనిషి అడవిలో ఓ బకెట్టు దాచి, అందులో ఒక పుస్తకం, పెన్సిలు, కొన్ని చిల్లర వస్తువులు పెట్టి, ఆ చోటు అంకెల్ని లోకానికి చెప్పాడు. వెతికి పట్టుకున్నవాళ్లు పుస్తకంలో సంతకం చెయ్యాలి. బకెట్టుని ఉన్నచోటే ఉంచెయ్యాలి. అంతే. పిల్లలాట. సర్క్యులరుగా వచ్చింది కాబట్టి పెద్దలాట అయింది.

జిల్లా హద్దుల అధికారి భుజంగరావు గారు వెంటనే సిబ్బంది సమావేశం పెట్టారు. తలుపు తెరిచే ఉండడం వల్ల వరండాలో కూర్చున్న వైకుంఠరావుకి అంతా వినబడుతూ ఉంది.

"మిత్రులారా! అమెరికావారు దాచిన బకెట్టు ఎన్నాళ్లకి దొరికిందో తెలుసా? మూడు రోజులు! మూడు రోజుల్లో దొరికిపోయేదాన్ని దాచడం అంటారా? ఈ కార్యాలయం స్థాపించిన నాటి నుంచీ మనం ఎన్ని దాచాం! ఎన్ని దొరికాయి? దాచినవాడికి సైతం తెలియకుండా దాచడం, వెతికేవాడి కళ్లెదుటే దాచడం, ఇవి మన శాఖ సంప్రదాయములు. ఈ క్రీడ మూలాలు అమెరికాలో లేవు. మన రికార్డు గదిలో ఉన్నాయి. నివేదికకి ఒక ఉదాహరణ కావాలి. కూర్మారావ్, అన్నిటికన్నా పాతది ఏది?"

"పాతవి శానా ఉన్నాయి సార్. కానీ సాక్ష్యానికి అర్జీదార్లు బతికి లేరు. బతికున్నవాటిలో అంటే వైకుంటరావు బదిలీ ఫైలు సార్. పదకొండేళ్లు."

"ఆయన ఎక్కడున్నారు?"

"వరండాలో సార్."

వైకుంఠరావుని లోపలికి పిలిచారు. కుర్చీ వేశారు. ఆ గదిలో అతను కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. గదిలో అందరూ తనని చూస్తూ ఉంటే అతనికి ముందు భయం వేసింది. ఆ భయం అడుగున ఏదో వెచ్చగా కదిలింది. అది సంతోషమని గుర్తుపట్టి అతను సిగ్గుపడ్డాడు. పదకొండేళ్లుగా అతని అర్జీని ఎవరూ చదవలేదు. ఇప్పుడు ఆ చదవకపోవడమే అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది.

"మీరు ఈ శాఖకి గర్వకారణం," అన్నారు భుజంగరావు గారు.

"నా ఫైలు సార్..."

"దాని గురించే. దయచేసి ఉత్సవం దాకా దాన్ని అడగకండి. పొరపాటున దొరికితే పాతికేళ్ల పండుగ పాడైపోతుంది. కూర్మారావ్, వీరి దగ్గర ధ్రువపత్రం తీసుకోండి."

ధ్రువపత్రం అప్పటికప్పుడు టైపయింది. "సదరు ఫైలు నేటి వరకు దొరకలేదనియు, అది దొరుకుటకై నేను స్వయముగా ఏ ప్రయత్నమూ చేసియుండలేదనియు ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను."

రెండో వాక్యం దగ్గర వైకుంఠరావు కలం ఆగింది. అబద్ధమైతే సులువుగా సంతకం పెట్టేవాడు. అతను వచ్చాడు, అడిగాడు, కూర్చున్నాడు, వెళ్లాడు. బీరువాకి వేలాడే తాళంచెవిని మాత్రం ఎన్నడూ ముట్టుకోలేదు. సంతకం పెట్టి, నకలు జేబులో వేసుకుని బయటికొచ్చాడు.

దమయంతి బస్టాండులో, రెండు ట్రిప్పుల మధ్య, టిఫిన్ బాక్సు ఒళ్లో పెట్టుకుని తింటూ ఉంది. అతను చెప్పింది విని, నకలు చదివి నవ్వింది. పొలమారింది. మళ్లీ నవ్వింది.

"బీరువాకి పండగ సేస్తారా? బావా, నీకు శాలువా కప్పుతారేటి?"

"కప్పుతారనే అంటున్నారు."

"మంచిదే. కొండ మీద చలి." ఆమె కాగితాన్ని మళ్లీ చూసింది. ఈసారి నవ్వలేదు. "ఏ ప్రయత్నమూ చేసియుండలేదనియు. ఇది నువ్వొప్పుకున్నావా?"

"ఆఫీసు భాష. అలాగే ఉంటది."

"ఆఫీసు భాష నాకు తెల్దు. నాకు తెలిసిన భాషలో అడుగుతున్నాను. ఒకేళ ఆ ఫైలు దొరికితే నువ్వు రోజూ ఇంట్లో ఉండాల. రోజూ. నన్ను తిట్టాల, నాచేత తిట్టించుకోవాల. నీకది కావాలా, వద్దా?"

"అదేం మాట?"

"మాట సూటిగానే ఉంది. జవాబే వంకరగా ఉంది." బాక్సు మూత పెట్టేసింది. డ్రైవరు హారను కొట్టాడు. ఆమె బస్సెక్కి, మెట్టు మీద నిలబడి, "ఆదివారం మొగుడు బాగానే ఉంటాడు బావా. పెళ్లిచూపులకొచ్చినట్టు తల దువ్వుకుని ఒస్తాడు," అని గట్టిగా అంది. బస్సులో సగం మంది అతని తల వైపు చూశారు.

ఆ తరవాత రెండు వారాలు రాళ్లు చూసుకుంటూ తిరిగినప్పుడు వైకుంఠరావు ఆ ప్రశ్ననే చూసుకున్నాడు. దమయంతిని తను ప్రేమిస్తాడు, అందులో అనుమానం లేదు. కానీ ఆమెకి తెలిసిన వైకుంఠరావు వారానికి ఒకరోజు పనిచేసే మనిషి. తక్కిన ఆరు రోజుల మనిషి చిరాకుపడతాడు, పలకడు, ఒక్కోరోజు స్నానం కూడా చెయ్యడు. వాణ్ని పదకొండేళ్లుగా కొండ మీద దాచి ఉంచాడు. దాచినవాడికి సైతం తెలియకుండా, అని భుజంగరావు గారి గొంతు వినబడి అతను ఉలిక్కిపడ్డాడు.

ఈలోగా కార్యాలయంలో ఏర్పాట్లు సాగిపోయాయి. మొదట రికార్డు గదిలోనే ఉత్సవం అనుకున్నారు. సర్క్యులరులో వనము అని ఉంది. రికార్డు గదిలో ఎలుకలు, సాలీళ్లు, బల్లులు ఉన్నాయి గాని చెట్లు లేవు. ఫైలుని తీసి వనానికి పట్టుకెళ్దామంటే, తియ్యాలంటే దొరకాలి, దొరికితే దాచినట్టు కాదు. మూడు రోజులు చర్చించి, బీరువాని తెరవకుండా మొత్తంగా ఊరి బయట జీడితోటకి తరలించాలని తీర్మానించారు. దారిలో తలుపు తెరుచుకుని ఫైలు దానంతటది దొరికిపోకుండా, బీరువాకి మోకు చుట్టి, పక్కన ఇద్దరు హద్దుల ఇన్‌స్పెక్టర్లని కాపలా కూర్చోబెట్టి, లారీ మీద ఊరేగింపుగా తీసుకెళ్లారు. దారిలో ఎవరో ముసలమ్మ అమ్మవారి పండగనుకుని కొబ్బరికాయ కొట్టింది. నివేదికలో అది "ప్రజల విశేష స్పందన" అయింది.

మే నెల మొదటి ఆదివారం. వనభోజనాలు కార్తీకంలో ఎందుకు పెట్టుకున్నారో పెద్దలకి ఆ రోజు తెలిసింది. జీడితోటలో ఎండ చెట్ల సందుల్లోంచి కాదు, చెట్ల మీంచే కారుతూ ఉంది. ఒకవైపు డేగిసాలో పనసకాయ బిర్యానీ, ఇంకోవైపు తాటి ముంజెల కుప్ప. ఉద్యోగులు, వాళ్ల పిల్లాజెల్లా, చుట్టుపక్కల జనం, అందరూ ముంజెల దగ్గరే ఉన్నారు. నడిమధ్యన షామియానా కింద, మోకు విప్పించుకుని, బంతిపూల దండతో, నాలుగో నంబరు బీరువా. దాని నెత్తిన గుడ్డ మీద పెద్ద అక్షరాలు: "దాచబడిన వస్తువు ఇచ్చట కలదు." తోట గేటు నుంచి బాణం గుర్తులు. దాచినచోటు తెలియక జనం ఇబ్బంది పడకూడదని భుజంగరావు గారి ముందుచూపు.

కమిషనరు గారు రాజధాని నుంచి పదకొండింటికి దిగారు. నల్ల కళ్లద్దాల సన్నటి మనిషి. తొందరలో ఉన్నారు. మొదటి అన్వేషణ వారి అమృత హస్తాలతోనే జరగాలి కాబట్టి, అంకెలు ఎక్కించిన యంత్రాన్ని వారి చేతికిచ్చారు. బీరువా అరవై అడుగుల దూరంలో, దండతో సహా, స్పష్టంగా కనబడుతూ ఉంది. కమిషనరు గారు దాని వైపు చూడకుండా యంత్రాన్నే చూస్తూ నడిచారు. వెనకాల అందరూ నడిచారు. యంత్రం వాళ్లని బీరువా పక్కనుంచి దాటించి, తొమ్మిది మీటర్ల అవతల బిర్యానీ డేగిసా దగ్గర ఆపి, కూ అంది.

"ఇక్కడే ఉంది," అన్నారు కమిషనరు గారు, డేగిసా వైపు చూస్తూ.

వంటవాడు బెదిరిపోయాడు. "ఇందులో పనసకాయి తప్ప ఏటీ లేదు బాబూ!"

భుజంగరావు గారు చెమట తుడుచుకున్నారు. అంకెలు ఏడు దశాంశ స్థానాల దాకా కొలిచి, రాజధానికి పంపి, ఆమోదం పొందినవి. పంపిన అంకె మారదు. కాబట్టి డేగిసాని పక్కకి దించి, ఎనిమిదిమంది చేత బీరువాని అక్కడికి మోయించారు. షామియానా ఉన్నచోటే ఉండిపోవడం వల్ల బీరువా, అధికారులు, ఎండలో నిలబడ్డారు. యంత్రం మళ్లీ కూ అంది. చప్పట్లు మోగాయి.

ఇక తెరవాలి. ఉద్యోగులు ఒకరి వెనక ఒకరు ముంజెల వైపు జరిగారు.

"ఆట కదా. ఆటలో తెరిస్తే చార్జి పడదు," అన్నారు భుజంగరావు గారు. ఆ మాట కాగితం మీద ఇమ్మని ఎవరూ అడగలేదు. చెయ్యి కూడా ఎవరూ చాపలేదు.

"అర్జీదారే తెరవాల సార్. అదే పద్ధతి," అన్నాడు కూర్మారావు, ఆ క్షణంలోనే పుట్టిన పద్ధతిని.

శాలువా కప్పుకుని ఎండలో ఉడికిపోతున్న వైకుంఠరావుని ముందుకు తోశారు. తాళంచెవి కాలిపోతూ ఉంది. అతను వెనక్కి తిరిగి చూశాడు. దమయంతి ముందు వరసలో, చేతిలో ముంజెతో నిలబడి ఉంది. ఆమె మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. తాళం తిప్పాడు. ఏ ఇబ్బందీ పెట్టకుండా తిరిగింది.

పై అర. మొదటి కట్ట. పైనుంచి రెండో ఫైలు.

మొదటి ఫైలు ఆ బీరువా కొన్నప్పటి రసీదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కూర్మారావు నేలకేసి చూస్తూ, "అదుగో, నాలుగో నంబరు బీరువాలోనే ఉందని నేను సెప్పలేదేటి?" అన్నాడు.

"అభినందనలు," అన్నారు కమిషనరు గారు గడియారం చూసుకుంటూ. "పుస్తకం తెండి. సంతకాలు చేసి, వస్తువుని లోపల పెట్టేద్దాం."

"లోపలా?" అంది దమయంతి.

"ఆట నియమం అమ్మా," అన్నారు భుజంగరావు గారు. "దొరికినదాన్ని మళ్లీ యథాస్థానంలో ఉంచాలి. తరవాతివాళ్లకి ఆనందం ఉండొద్దా?"

"పుస్తకం ఏది?" అన్నారు కమిషనరు గారు.

పుస్తకం లేదు. పూలదండలకి కమిటీ ఉంది, బాణం గుర్తులకి కమిటీ ఉంది, ఎండదెబ్బకి కమిటీ ఉంది. సంతకాల పుస్తకం ఏ కమిటీకీ పడలేదు. భుజంగరావు గారి మొహం రంగు మారింది. కమిషనరు గారు కళ్లద్దాలు తీశారు.

ఫైలు వైకుంఠరావు చేతుల్లోనే తెరిచి ఉంది. ఎడమవైపు అతని అర్జీ. ఆ అక్షరాలు ఎవరో కుర్రవాడివిలా గుండ్రంగా ఉన్నాయి. కుడివైపు నోటు కాగితం, దాని మీద పదకొండేళ్ల కిందటి కూర్మారావు చేతిరాత: "అర్హుడు. కోరిన విధముగా బదిలీ చేయవచ్చును. ఆదేశముల కొరకు సమర్పించడమైనది." దాని కింద పేజీ సగం పైగా తెల్లగా ఉంది. అతను ఆ తెల్లటి చోటుని చూశాడు. ఛాతీలో ఆ పాత సడలింపు రాబోయింది. లోపల పెట్టెయ్యొచ్చు. నియమం కూడా అదే. ఎవరూ ఏమీ అనరు.

"ఇందులో ఖాళీ ఉంది సార్," అన్న గొంతు అతనిదే. "ఈ కాగితం మీదే చెయ్యొచ్చు సార్, సంతకాలు."

"శభాష్!" అన్నారు భుజంగరావు గారు, కలం తీస్తూ. "సమయస్ఫూర్తి అంటే ఇదీ."

హోదా ప్రకారం కింది నుంచి పైకి సంతకాలు జరిగాయి. కూర్మారావు ఇనీషియల్సు పెట్టాడు. భుజంగరావు గారు ఆకుపచ్చ సిరాతో పూర్తి సంతకం చేసి, తేదీ వేసి, అలవాటు కొద్దీ హోదా ముద్ర కూడా కొట్టించారు. కమిషనరు గారు మొదట "చూచితిని" అని రాయబోయి, పండుగ పూట పొడిగా ఉంటుందనుకున్నారో ఏమో, "సంతోషముతో" అని రాసి సంతకం చేశారు. నోటు అక్షరాలు కూర్మారావువి, ముత్యాల్లా ఉన్నాయి. వైకుంఠరావు వాటిని చేత్తో కప్పలేదు. కాగితాన్ని అందరి ముందూ బల్లలా పట్టుకున్నాడు. ఒక్కరూ చదవలేదు.

ఫైలుని లోపల పెట్టడానికి అందుకున్నప్పుడు కూర్మారావు కళ్లు, ముప్పయ్యేళ్ల అలవాటుతో, పైనుంచి కిందికి జారాయి. జారి ఆగిపోయాయి.

"సార్, ఇది నోటు ఫైలు సార్."

"అయితే?"

"పైన బదిలీ చేయవచ్చునని ఉంది సార్. కింద తమరు సంతకం చేసీసినారు. ఆ కింద కమిషనరు గారు."

"అది ఆటలో కదయ్యా!"

"ఆటని ఎక్కడా రాసిలేదు సార్. తేదీ ఉంది. ముద్ర ఉంది. సంతోషముతో అని కూడా ఉంది."

జీడితోటలో ముంజెలు చప్పరించే చప్పుడు కూడా ఆగింది. భుజంగరావు గారు కమిషనరు గారి వైపు చూశారు. కమిషనరు గారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు.

"నేను చదవకుండా సంతకం చేస్తానా భుజంగరావ్?"

"ఎంతమాట సార్. చెయ్యరు."

"అయితే చదివే చేశాను. మీరు?"

"నేనూ చదివే చేశాను సార్," అన్నారు భుజంగరావు గారు నీరసంగా.

"మరి ఇంకేం? రేపు ఉత్తర్వు ఇవ్వండి. నివేదికలో మాత్రం ఫైలుని యథాస్థానంలో ఉంచినట్టే రాయండి." కమిషనరు గారు కారు వైపు కదిలారు. రెండు అడుగులు వేసి ఆగి, "భోజనం కారులోకి పంపించండి," అన్నారు.

బిర్యానీ ముందే దించెయ్యడం వల్ల కాస్త పలుకుగా ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. కూర్మారావు తన విస్తరిలోని పెద్ద ముక్క తీసి వైకుంఠరావు విస్తరిలో వేశాడు. "పదకొండేళ్లయింది కదా, నువ్వు రావడం మానేస్తే నాకు సోమవారం ఎలగ తెలుస్తాది?" అన్నాడు. అతను నిజంగానే దిగులుగా ఉన్నాడు.

తిరుగు బస్సులో దమయంతి డ్యూటీలో లేదు. అయినా అలవాటుగా జనాన్ని వెనక్కి జరగమని రెండుసార్లు కేకేసింది. తరవాత వచ్చి అతని పక్కన కూర్చుంది.

"బావా, నేను మామూలు రోజుల్లో మంచిదాన్ని కాదు. డ్యూటీ దిగొచ్చేక ఎవులైనా పలకరిస్తే కరిసీస్తాను. కూర కూడా వండను. పచ్చడేసుకుని తినేసి పడుకుంటాను. నీకు తెల్దు."

"నేను ఒక్కోరోజు స్నానం చెయ్యను," అన్నాడు వైకుంఠరావు.

ఆమె అతని వైపు తిరిగి, కొత్త ప్రయాణికుణ్ని చూసినట్టు ఎగాదిగా చూసింది.

"ఏ రోజు?"

"మంగళవారం, ఎక్కువగా."

"మంగళారమంటే ఎల్లుండే," అంది దమయంతి.